కుచ్చుల చొక్కా

సస్మిత కవరులోంచి ఫొటో తీసి కటింగ్ బల్ల మీద పెట్టింది. కూర్మారావు ముందు చొక్కాలు చూశాడు, ఆ తర్వాతే మనుషుల్ని. నలభై ఏళ్ళుగా అతనికదే అలవాటు.

ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకే వరసలో ఉన్నారు. చీరలు చీలమండల పైకి ఎత్తి దోపుకున్నారు. కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు. చీరల మీదే చొక్కాలు తొడుక్కున్నారు. ఎర్ర గళ్ళ చొక్కాలు, భుజం పట్టీ పొడుగునా వేలెడేసి కుచ్చులు.

“ఇవి నాను కుట్టినవే,” అన్నాడు.

“తెలుసు మౌసా. అందుకే బరంపురం అంతా వదిలేసి ఈ సందులోకి వచ్చాను.”

సస్మిత గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డునున్న పాత హోటల్‌కి మేనేజరు. ఒడియా ఇంటి పిల్ల. తెలుగు ఇక్కడ పెద్ద బజారులో పెరుగుతూ నేర్చుకుంది, పెద్దవాళ్ళని మాత్రం ఒడియా వరసలతోనే మౌసా, మౌసీ అంటుంది. వచ్చే శనివారం హోటల్లో పాత రోజుల్ని తలుచుకునే కార్యక్రమం ఉందని చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కిందట ప్రతి శనివారం మధ్యాహ్నం అక్కడ అమెరికా కంట్రీ పాటలు పాడేవారు, ఆ పాటలకి లైన్ డాన్స్ చేసేవారు. అప్పట్లో హోటల్ చూసుకున్న డోరతీ ఖుర్దా రోడ్ రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్. ఆవిడ తెచ్చుకున్న కేసెట్లతో అదంతా మొదలైంది. గదులు ఊడ్చేవాళ్ళనీ, బట్టలు ఉతికేవాళ్ళనీ, చేపలు తెచ్చేవాళ్ళనీ పిలిచి వరసలో నిలబెట్టి అడుగులు నేర్పింది. ఆ రోజుల్లో వచ్చి దిగినవాళ్ళు కొందరు ఇప్పుడు కలకత్తా నుంచీ విశాఖపట్నం నుంచీ మళ్ళీ వస్తున్నారు. కొత్త పిల్లలు ఎనిమిది మందికి అవే చొక్కాలు కావాలి. అప్పుడు గిటారు వాయిస్తూ పాడిన పైడన్నకి ఒకటి. ఈ ఫొటోను తలుపంత చేయించి వరండాలో పెడతారు.

“ఈ చివరావిడ మౌసీ కదా?”

కూర్మారావు బొటనవేలు అప్పటికే ఫొటోకి ఆ చివర ఉంది. తీశాడు.

భార్య ఆదిలక్ష్మి పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్లో గోడకున్న ఫొటో ఆస్పత్రి కార్డు కోసం తీయించింది. ఇందులో ఆమెకు ఇరవై ఆరో, ఇరవై ఏడో. మిగతా ఏడుగురూ కుడివైపుకి తిరిగి ఉన్నారు, ముఖాలు సగమే కనబడుతున్నాయి. ఆదిలక్ష్మి ఒక్కతే తిరగలేదు. గడ్డం కొంచెం పైకెత్తి ఉంది. ఏదో అనబోతున్నట్టు పెదవులు విచ్చుకున్నాయి. చూపు ఫొటో తీసేవాడి మీద లేదు. వాడికి పక్కగా, కాస్త దూరంగా ఉంది.

“ఈల్లంతా అటెందుకు తిరిగేరు?”

“ఆ డాన్సే అంత మౌసా. జతలుండవు. ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోరు. అందరూ ఒక గోడ వైపు చూస్తూ మొదలెడతారు, లెక్క పూర్తవగానే ఇంకో గోడకి తిరుగుతారు.” సస్మిత ఫొటో మీదికి వంగింది. “పైడన్న మౌసా దీన్ని చూసి ఏడ్చేశాడు తెలుసా? ఎంతసేపో. ఈవిడ లాగ ఇంకెవరూ చెయ్యలేదన్నాడు.”

కూర్మారావు కత్తెర అందుకున్నాడు. కోయడానికి బల్ల మీద ఏమీ లేదు. పక్కన పెట్టేశాడు.

“సొక్కాలు కుడతాను,” అన్నాడు. “ఫొటోలో ఆవిడ ఉండకూడదు.”

“అదేంటి మౌసా?”

“సివర్నే ఉన్నాది కదా. కోసేస్తే సరిపోద్ది.” ఫొటో మీద స్కేలు ఆనించి సుద్దముక్కతో గాలిలోనే గీత చూపించాడు. “ఇక్కడికి.”

“పక్కనున్న కాసమ్మ మౌసీ మోచెయ్యి కూడా పోతుంది.”

“ఫొటోలో పోయిన మోచెయ్యికి నొప్పుండదమ్మా.”

సస్మిత నవ్వబోయి అతని ముఖం చూసి ఊరుకుంది. “హఉ, అలాగే. ఇంటివాళ్ళ మాటే మాట. శుక్రవారం సాయంత్రం ప్రింటుకి ఇస్తాం. అప్పటిదాకా ఆలోచించండి,” అని, ఫొటోకి ఫోనులో నకలు తీసుకుని, చొక్కాల కొలతకి పనికొస్తుందని అసలుది అక్కడే వదిలి వెళ్ళింది.

ఎదురు కొట్టు నుంచి టీ వచ్చింది. ఎప్పటిలాగే రెండు గ్లాసులు. వద్దని ఇన్ని నెలల్లో అతను చెప్పలేదు, వాళ్ళూ మానలేదు.

&nbsp;

మంగళవారం కుచ్చులు కోశాడు. ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రకి వేషాల బట్టలు కుట్టగా మిగిలిన గోధుమరంగు వెల్వెట్ అటక మీద ఉంది. పాత చొక్కాలకీ అలాంటి ముక్కలే వాడాడు. పట్టీని బల్ల అంచుకి బరువు పెట్టి బిగించి, పైన అర అంగుళం వదిలి, పెన్సిలంత వెడల్పున ఒక్కో చీలిక కోసుకుంటూ పోవాలి. కత్తెర పూర్తిగా మూసుకోకూడదు. మూస్తే మొన దగ్గర గుడ్డ నలుగుతుంది. ఒక చొక్కాకి నూట పది చీలికలు. నూట పదికీ చెయ్యి ఒకే బరువుతో ఆడాలి.

నాలుగు చొక్కాలకి కోశాక ఆగి, రఫూ పనికి వాడే భూతద్దం తీశాడు. ఫొటో మీద పెట్టాడు.

ఏడుగురి కుచ్చులూ ఎడమవైపుకి తేలుతున్నాయి. అది న్యాయమే. ఒళ్ళు కుడికి తిరిగితే కుచ్చులు ఒక క్షణం వెనకబడతాయి. భూతద్దాన్ని చివరికి జరిపాడు. ఆదిలక్ష్మి కుచ్చులు కుడివైపుకి తేలుతున్నాయి.

అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. ఆమె తిరగకుండా నిలబడిపోయి ఉంటే కుచ్చులు కిందికి వేలాడేవి. ఇవి వేలాడడం లేదు. అంటే అందరితోపాటు కుడికి తిరిగింది. తిరిగి, ఒళ్ళు మళ్ళీ ఇటు తిప్పుకుంది. పదిమంది ముందు, పాట మధ్యలో, అడుగు తప్పినా ఫరవాలేదనుకుని ఇటే చూసింది.

ఇటెవరుంటారు? నాటకమైనా భజనైనా ఎదురుగా కూర్చునేది వాయించేవాడే. కంట్రీ పాటలకైనా అంతే అయి ఉండాలి.

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆమె ముఖాలన్నీ తనకి తెలుసుననుకున్నాడు. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసేటప్పటి ముఖం, బస్సు దిగి సందు మొదట్లో చెప్పులోంచి ఇసుక దులుపుకునేటప్పటి ముఖం, ఆఖరి నెలల్లో మందు మింగేముందు కళ్ళు మూసుకునే ముఖం. ఈ ముఖం అతనికి తెలియదు. ఇది అతని ఇంట్లోకి ఎన్నడూ రాలేదు.

ఆమె ఇస్త్రీ చేస్తూ ఏదో కూనిరాగం తీసేది. మాటలుండేవి కావు. భజన అనుకునేవాడు. ఇప్పుడు ఆ రాగం గుర్తు తెచ్చుకోబోయాడు. వచ్చినట్టే వచ్చి జారిపోతోంది. భజనకి అలా మధ్యలో ఆగి, రెండుసార్లు నేలకి మడమ తాటించాల్సిన పనేముంది? తన పక్కనే నిలబడి, తన చొక్కాలే ఇస్త్రీ చేస్తూ, ఇన్నేళ్ళూ ఆమె వేరేవాడి పాట పాడుకుందన్నమాట.

అయిదో పట్టీ అందుకున్నాడు. కత్తెర పూర్తిగా మూసుకుంది. మొన దగ్గర గుడ్డ నలిగింది. ఆ పట్టీ పారేసి కొత్తది తీశాడు.

&nbsp;

బుధవారం కొలతలకని బస్సెక్కి గోపాల్‌పూర్ వెళ్ళాడు. హోటల్ వరండాకి సున్నం వేస్తున్నారు, నేలంతా పాత దుప్పట్లు పరిచారు. సస్మిత అతన్ని వెనక బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళింది. ఆదిలక్ష్మి పదిహేడేళ్ళు పని చేసింది ఆ గదిలోనే. ఇప్పుడక్కడ మూడు యంత్రాలు తిరుగుతున్నాయి.

ఆడపిల్లల కొలతలు కాసమ్మ తీసింది. అతను తలుపు బయట స్టూలు మీద కూర్చుని అంకెలు రాసుకున్నాడు. కాసమ్మది ఫొటోలో ఏడో స్థానం, ఆదిలక్ష్మి పక్కది. బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. ఈ వారం పిల్లలకి అడుగులు నేర్పడానికి బుట్ట మూసి వస్తోంది. ఆదిలక్ష్మిని అప్పా అని పిలిచేది కాబట్టి ఇతను బావ.

“బావా, మా మనవరాలు రింకికి రొండంగుళాలు ఎక్కువ రాయు. శనివారందాకా తిండి మానదు ఇది.”

లోపల్నుంచి పిల్లల నవ్వులు వినబడ్డాయి. పైడన్న అప్పుడే వచ్చాడు.

కూర్మారావు అతన్ని చూసి పదేళ్ళు దాటింది. మనిషి సగమయ్యాడు. మెడ దగ్గర చర్మం వదులై వేలాడుతోంది. పడవ మీదికి వెళ్ళడం మానేసి చాలా కాలమైందట. వల బాగుచేసే పని చేస్తున్నాడు.

“మాస్టరూ, బక్కోడినైపోనాను. నీ టేపు రొండు సుట్లు తిరుగుతాది.”

“సేతులు దించు.”

భుజం నుంచి భుజానికి టేపు పెట్టాడు. ఎడమ భుజం అంగుళం కిందికి జారి ఉంది. గిటారు పట్టీ మోసిన భుజం. ఛాతీ చుట్టూ టేపు తిప్పి రెండు వేళ్ళు లోపలికి దూర్చాడు. అతని గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తోంది.

“ఊపిరి బిగబట్టకు.”

“బిగబట్టనేదు. ఉన్నదే అంత.” పైడన్న పైకి చూస్తూ మాట్లాడుతున్నాడు. “నాకు ఇంగిలీసు ఒక్క ముక్క రాదు మాస్టరూ. డోరతీ మేడమ్ కేసెట్టు పెడితే సెవితో పట్టేసినాను. రైలెల్లిపోయింది, అమ్మ ఎల్లిపోయింది, పెళ్ళాం ఎల్లిపోయింది. అన్నీ ఎల్లిపోడాల పాటలేనంట. ఇంత ఏడుపు పాటలకి ఇంత కులాసాగా ఎగురుతారేటని ఆవిడ్నే అడిగేసినాను.”

“ఏటన్నాది?”

“ఎగరకపోతే పాడలేం పైడన్నా, అన్నాది.”

కూర్మారావు చెయ్యి పొడవు కొలిచాడు. వేళ్ళ కొసలు ఇప్పటికీ కాయలు కాసి ఉన్నాయి.

“ఫొటో సూసి ఏడిసినావంట.”

“ఆ పిల్ల సెప్పేసిందేటి?” పైడన్న సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు చూసి కూర్మారావుకి ఒళ్ళు మండింది. “ఏడుపొచ్చింది మరి. ఆదిలచ్చిమి లాగ ఎవులు సేసినారు? నాను తాళం తప్పితే ఆవిడ కాలే నన్ను మల్లీ దార్లోకి లాక్కొచ్చేది. నేల మీద ఆవిడ మడం సప్పుడు ఇనుకుని వాయించేవోడిని. నీకు తెలీదేటి, ఇంట్లో ఎంత సప్పుడు సేసేదో?”

“తెల్దు,” అన్నాడు కూర్మారావు.

అంకె రాసుకున్నాడు. టేపు చూపించింది ముప్ఫై నాలుగు. వదులు కలుపుకుని ముప్ఫై ఎనిమిదికి కోయాలి. ముప్ఫై అయిదు అని రాశాడు. రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, బస్సు వేళైందని బయల్దేరాడు.

&nbsp;

శుక్రవారం మధ్యాహ్నం తొమ్మిది చొక్కాలూ మూట కట్టుకుని వచ్చేసరికి వరండా ఖాళీగా, తెల్లగా ఉంది. సస్మిత చేతిలో ఫోను. స్టూడియోవాళ్ళు ఆరింటికి మూసేస్తారనీ, కోసిన ఫొటోనే పంపేస్తున్నాననీ చెప్పింది. కూర్మారావు తలూపాడు.

పైడన్నకీ, హార్మోనియం వాయించే కుర్రాడికీ రోడ్డు వైపు గోడ పక్కన కుర్చీలు వేశారు. కాసమ్మ వచ్చి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఎవులేసినారు ఇక్కడ? ఇలగైతే గాలికి పాటంతా బరంపురం ఎల్లిపోద్ది. తియ్యండి, తియ్యండి. మైకుల్లేని రోజుల్లో సముద్రం వైపే కూకునేవోరు. గాలే పాటని మా కాడికి తెచ్చేది.”

కుర్చీలు సముద్రం వైపుకి మారాయి. కాసమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినీ భుజాలు పట్టుకుని నిలబెట్టింది. ఫొటోలో ఉన్నట్టే. రింకి చివర.

“మడం, మునేలు, మడం, మునేలు. దాటు, దాటు, తిరుగు!”

ఎనిమిది మందీ సముద్రం వైపు తిరిగారు. పైడన్న వైపు.

కూర్మారావు మూట విప్పడం ఆపేశాడు. లేచి, ఫొటో తీసినవాడు ఎక్కడ నిలబడి ఉంటాడో అక్కడికి నడిచి నిలబడ్డాడు. పిల్లల ముఖాలు సగం సగం కనబడ్డాయి. ఫొటోలో పైడన్నని చూస్తున్నది ఆ ఏడుగురూ. చూడనిది ఆదిలక్ష్మి ఒక్కతే.

వెనక్కి తిరిగాడు. వెనక, కాస్త పక్కగా, రోడ్డు మీదికి తెరుచుకునే చిన్న ఇనప గేటు ఉంది.

“కాసమ్మా,” అన్నాడు. “ఆ ఫొటోలో మీ అప్ప ఇటెందుకు సూసింది?”

“ఇంకెందుకు? నువ్వొచ్చినావని.” కాసమ్మ పిల్లల లెక్క మధ్యలోనే జవాబిచ్చింది. “ఒక్కపాలే కదా ఒచ్చినావు, ఇస్కూటరేసుకుని. ఆ గేటు కాడ నిలబడ్డావు. అప్ప అందర్తో తిరిగింది, మల్లీ ఇటు తిరిగిపోయింది. ‘ఒలే, మావోడొచ్చినాడే’ అని నా సెయ్యి గిల్లేసింది కూడాను. అప్ప తప్పడం నాను సూసింది ఆ ఒక్క రోజే. ఆ టైములోనే ఓడ మీదొచ్చిన దొర ఎవులో ఫొటో తీసేసినాడు.”

కూర్మారావుకి నవ్వొచ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి, పళ్ళు కనబడేలా. నాలుగు రోజులుగా ఛాతీ మీద కూర్చున్నది లేచిపోయినట్టుంది. గబగబా సస్మిత దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, కోయొద్దు. మొత్తం ఉంచేయండి.”

“పంపేశాను మౌసా!”

“ఫోన్ సెయ్యండి. ఉన్నదున్నట్టు ఉంచమనండి. కింద రాయించండి, భర్త కూర్మారావు వచ్చేరని చూస్తున్న ఆదిలక్ష్మి అని. తెలుగులోనూ, ఒడియాలోనూ.”

సస్మిత నవ్వి నంబరు నొక్కింది. కూర్మారావు తిరిగొచ్చి పైడన్న పక్కన కూర్చున్నాడు. ఇప్పుడతని మీద జాలేసింది. గెలిచినవాడికి వేసే జాలి.

“పైడన్నా, మరి నువ్వెందుకేడిసినావు?”

“ఎందుకేటి? ఆల్లంతా ఉన్నారు, నానొక్కడ్నే అందులో కనపడను.” పైడన్న గిటారు తీగ బిగిస్తున్నాడు. “ఆరేళ్ళు వాయించినాను మాస్టరూ. ఎవులు ఫొటో తీసినా ఎగిరేవోల్లనే తీసినారు. నా మనవలకి సెప్తే నమ్మరు. ఆదిలచ్చిమి అటు తిరిగిపోయింది, మిగతావోల్లు నన్నే సూస్తన్నారు. ఆల్ల కల్లల్లో ఎక్కడైనా ఉన్నానేమో అని ఎతికినాను.”

కూర్మారావు మూటలోంచి పైడన్న చొక్కా తీశాడు. మడత విప్పి అతనికి తొడిగాడు. గుండీలు పెట్టాడు. పైడన్న గిటారు ఎత్తుకుని కుడిచెయ్యి చుట్టూ తేబోయాడు. చెయ్యి సగంలో ఆగింది.

“పట్టేస్తంది మాస్టరూ.”

“బక్కోడినన్నావు కదా మాఁవా!” అని రింకి అరిచింది. పిల్లలంతా నవ్వారు.

కాసమ్మ దగ్గరికొచ్చి చంక దగ్గర లాగి చూసింది. “ఈ మాస్టరు సేతిలో ఇది రొండోసారి. అప్పకీ ఇలగే అయ్యింది. ఆ ఫొటో అయిన వారం నుంచి ఎగరడానికి రాడం మానేసింది. ఏటే అప్పా అంటే, సొక్కా పట్టడం నేదే అన్నాది. ఒదులు సేయించుకోవే అంటే, లోపల గుడ్డ నేదంట అన్నాది. టైలరు పెళ్ళానికి సొక్కా పట్టకపోడమేటని ఎన్నాళ్ళు నవ్వుకున్నామో!”

ఇప్పుడు కూడా నవ్వింది. ఆమె నవ్వులో దాపరికం లేదు. కూర్మారావు పైడన్న చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, చొక్కా తీసుకుని, మెట్ల మీద వెలుగున్న చోట కూర్చున్నాడు. తిరగేసి, పక్క కుట్టు దగ్గర బ్లేడు పెట్టాడు.

ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డప్పుడు అతను ఆ ముఖం చూడలేదు. చూసింది చొక్కా చంక. చెయ్యెత్తినప్పుడల్లా అక్కడ గుడ్డ ముడతపడి లాగుతోంది. పేము కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళు అటే చూస్తున్నారు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి స్కూటర్ ఎక్కింది. దారి మధ్యలోని హలదియాపదర్ ఊరి దాకా ఆగకుండా మాట్లాడింది. మడమ ఎప్పుడు, మునివేలు ఎప్పుడు, ఎవరు ఎటు తిరగాలి. వీపు మీద వేళ్ళతో కొట్టి లెక్క చూపించింది. అతను ఒక్క మాటే అన్నాడు. “సొక్కా బిగుతైపోయింది. అందరూ అదే సూస్తన్నారు.”

వీపు మీద వేళ్ళు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున ఆమె ఆ చొక్కా మడతపెట్టి మిషను మీద ఉంచింది. కాస్త వదులు చేసిపెట్టమంది. అతను తిరగేసి చూశాడు. చూసినట్టు చేశాడు. “లోపల గుడ్డ నేదు,” అన్నాడు.

పైడన్న చొక్కా పక్క కుట్టు విచ్చుకుంది. లోపల అటూ ఇటూ అంగుళంన్నర గుడ్డ మడతలో ఉంది. ఎవరికి కుట్టినా అంతే వదులుతాడు. తండ్రి నేర్పిన పద్ధతి. మనిషి ఒళ్ళు చేస్తాడు, పిల్ల ఎదుగుతుంది, దర్జీ ముందే ఉంచాలి. కోపంతో ముప్ఫై అయిదు అని రాసినప్పుడు కూడా చెయ్యి తనంతట తాను ఆ అంగుళంన్నర వదిలేసింది. ఆనాడు ఆదిలక్ష్మి ఎర్ర గళ్ళ చొక్కాకీ వదిలింది.

దర్జీ భార్య. ముప్ఫై ఆరేళ్ళు కాజాలు కుట్టింది, గుండీలు కుట్టింది, పాత చొక్కాలు విప్పింది. తిరగేస్తే మడత కనబడుతుందని ఆమెకి తెలియదా? ఆ చొక్కా తీసుకుని, మళ్ళీ మడతపెట్టి, సరేలెండి అంది. అంతకన్న ఏమీ అనలేదు. అతను ఆ రోజు దాన్ని తేలిగ్గా తీసుకున్నాడు.

సూదిలో దారం ఎక్కడం లేదు. రెండోసారి, మూడోసారి తడిపాడు. పైడన్న బనీనుతో వచ్చి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

“కంగారు నేదు మాస్టరూ.”

“ఇటియ్యి,” అంటూ పైడన్నే సూది తీసుకుని, వల అల్లే వేళ్ళతో ఒక్కసారికే ఎక్కించి ఇచ్చాడు.

కుట్టడం అయ్యాక కూర్మారావు సస్మిత గది దాకా వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఫొటో కింద రాత వొద్దమ్మా. అందరి పేర్లలాగే ఆవిడ పేరు ఉంటే సాలు.”

“మీ పేరు?”

“నా పేరు వొద్దు.”

“మౌసా, ఇందాకే కదా మీరు—”

“వొద్దమ్మా,” అన్నాడు.

&nbsp;

శనివారం నాలుగింటికి వరండా నిండా కుర్చీలు. ఫొటో గోడ మీద ఉంది, తలుపంత, మొత్తంగా. కింద ఎనిమిది పేర్లు. వచ్చిన ముసలివాళ్ళు దాని ముందు గుంపుగా నిలబడి, తమకి తెలిసినవాళ్ళని వెతుక్కుంటున్నారు. చెక్క ఊతకర్రతో ఒకాయన నేల మీద మడమ తాటించి చూసుకుంటున్నాడు.

కూర్మారావు ఒక్కో పిల్ల చొక్కా సరిచూసి దారప్పోగులు కత్తిరిస్తున్నాడు. రింకి అతని చేతిలోంచి జారుకుని ఫొటో ముందుకెళ్ళింది. తన స్థానంలో నిలబడినావిడని చాలాసేపు చూసింది.

“తాతా, ఈవిడ తప్పింది కదా? అందరూ తిరిగేరు, ఈవిడ తిరగనేదు.”

“తప్పనేదు.”

“ఇదుగో, సూడు మరి.”

అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. “తిరిగింది. కుచ్చులు ఎటున్నాయో సూడు. అందర్తోపాటే తిరిగింది. గేటు కాడ ఎవులో ఒచ్చి నిలబడితే మల్లీ ఇటు సూసింది.”

“ఎవులు?”

“సొక్కాలు కుట్టేవోడు.”

రింకికి నవ్వాగలేదు. “సొక్కాలు కుట్టేవోడి కోసం ఎవులైనా మజ్జిలో ఆపేస్తారేటి తాతా?”

సముద్రం వైపు నుంచి గిటారు మొదలైంది. పైడన్న గొంతు సవరించుకున్నాడు. కాసమ్మ చప్పట్లు కొట్టి అందరినీ వరసలోకి పిలుస్తోంది. రింకి పరుగెత్తబోయింది.

“ఆగు. సెయ్యెత్తు.”

ఎత్తింది. అతను చంక కింద రెండు వేళ్ళు పెట్టి కుట్టు పొడుగునా నడుం దాకా తడిమి చూశాడు.

“పట్టేస్తందా?”

“నేదు తాతా. వొదులు.”

“ఎగిరినాక పట్టేస్తే నా కాడికి రా. లోపల గుడ్డ ఉన్నాది.”